మా మావయ్యగారి కంప్యూటరు బడి

మా మావయ్యగారు పోయి ఇరవై రెండు రోజులైంది. శుక్రవారం పొద్దున్న ఎప్పటిలా వీధి అరుగు మీద కుర్చీలో కూర్చుని కాఫీ తాగేరు. గ్లాసు కింద పెట్టి, “ఇవాళ పంచదార సరిగ్గా పడింది” అన్నారు. అత్తయ్యగారు గ్లాసు కడిగి వచ్చేసరికి తల పక్కకి వాలిపోయి ఉంది. నిద్రపోతున్నారనుకున్నారావిడ. నేను ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి, “నాన్న లేరు” అని రెండే ముక్కలు అన్నారు. ఆటోలో గాజువాక వచ్చేదాకా నాకు ఏడుపు రాలేదు. ఇంటి ముందు చెప్పులు చూసేక వచ్చింది. ఆ చెప్పుల్లో చేపలమ్ముకునే వాళ్లవి, ఆటో నడిపేవాళ్లవి, చర్చికి వెళ్లే అమ్మగార్లవి, పింఛను తీసుకునే పెద్దవాళ్లవి అన్నీ ఉన్నాయి. వాళ్లందరికీ ఆయనొక్కరే మేస్టారు.

ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆయన తెలియరు. పేపర్లో ఫొటో పడిన మనిషి కాదు. పశ్చిమ గోదావరి నుంచి స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో వచ్చి, ఎలక్ట్రికల్ మరమ్మతుల్లో పని చేసి, రిటైరయ్యారు. ఆ తరవాత పదిహేనేళ్లపాటు కంప్యూటరంటే భయపడేవాళ్లకి ఆ భయం పోగొట్టేరు. ఆయన దగ్గర మొదట భయం పోగొట్టుకున్న మనిషిని నేనే. అందుకని నేను రాస్తున్నాను.

మాది పద్మనాభం దగ్గర పల్లె. ఇంటర్ దాకా చదివేను. కోడలిగా ఈ ఇంటికి వచ్చేసరికి ముందుగదిలో ఒక కంప్యూటరు ఉండేది. అత్తయ్యగారు దానికి నెమలి కుట్టిన గుడ్డ తొడుగు కప్పి, పూజగదిలో పటంలా చూసుకునేవారు. నేను ఆ గదిలో తుడుపుకి వెళ్తే ఊపిరి బిగబట్టి వెళ్లేదాన్ని. ముట్టుకుంటే ఏదో అయిపోతుందని.

మూడో నెలలో అదే అయింది. చీపురు వైరుకి తగులుకుని ప్లగ్గు ఊడిపోయింది. తెర నల్లగా అయిపోయింది. మావయ్యగారు అప్పటిదాకా దాని ముందు కూర్చుని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ ఏదో కొడుతున్నారు. మంచినీళ్లకని అప్పుడే లేచి వెళ్లారు. వచ్చి చూశారు. నేను చీపురు పట్టుకుని గోడకి అంటుకుపోయి ఉన్నాను.

“మావయ్యగారండీ, నాను సూసుకోలేదండీ. సచ్చిపోనాదాండీ అది?”

ఆయన పగలబడి నవ్వేరు. లోపల్నుంచి అత్తయ్యగారు “ఏవైందీ?” అని అరిచేదాకా నవ్వుతూనే ఉన్నారు. తరవాత ప్లగ్గు పెట్టి, అంతా వెలిగించి, నన్ను పిలిచారు.

“అమ్మాయ్, ఇందులో కంప్యూటరు ఏదో చూపించు.”

నేను తెర చూపించేను. ఇంకేం చూపిస్తాను? బొమ్మలు అందులోనే కదా కనబడేది.

ఆయన తెర వెనకనున్న వైరు పీకేశారు. తెర ఆరిపోయింది. “ఇప్పుడు చెవి పెట్టి విను. కంప్యూటరు ఆగిందా?”

బల్ల కింద పెట్టెలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

“మరి కంప్యూటరు ఏదీ?”

“ఆ పెట్టాండీ?”

“ఆ పెట్టే. ఇది దాని మొహం, అంతే. ఇంకో మొహం తెచ్చి తగిలించినా అదే మనిషి.”

పెట్టె కట్టేసి, ప్లగ్గు పీకి, స్క్రూడ్రైవరు నా చేతికిచ్చారు. పక్క రేకు నా చేతనే ఊడదీయించారు. లోపల చూస్తే దుమ్ము, వైర్లు, ఆకుపచ్చ పలక. ఇంతేనా అనిపించింది. ఆయన వేలితో ఒక్కోటీ చూపించుకుంటూ వచ్చేరు. ఈ డబ్బాకి వైరు గోడ నుంచి వస్తుంది, ఇది కరెంటు పంచిపెడుతుంది. ఈ ఫ్యాను కింద దాక్కున్నది ప్రాసెసరు, లెక్కలన్నీ అదే చేస్తుంది, అందుకే వేడెక్కిపోతుంది. ఈ సన్నటి పట్టీ ర్యామ్. ఈ బరువైన డబ్బా హార్డ్ డిస్కు.

“ర్యామ్ అంటే వంటింట్లో గట్టు అనుకో. నువ్వు వంట చేస్తున్నంతసేపూ కూరలూ గిన్నెలూ గట్టు మీదే ఉంటాయి కదా. హార్డ్ డిస్కు సామాన్ల గది. కరెంటు పోయిందనుకో, గట్టు ఎవరో తుడిచేసినట్టే. సామాన్ల గదిలో ఉన్నవి ఎక్కడికీ పోవు.”

“అయితే మీరు ఇందాకట్నుంచి కొట్టింది పోనాదాండీ?”

“పోయింది. సేవ్ చెయ్యడమంటే గట్టు మీంచి తీసి గదిలో పెట్టడం. నేను పెట్టలేదు. తప్పు నాది, నీది కాదు.”

కొత్తగా వచ్చిన కోడలితో “తప్పు నాది” అన్న మావగారిని నేను అంతకు ముందు చూడలేదు. ఆ మాటే నన్ను రోజూ ఆ బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. మధ్యాహ్నం వంట అయ్యాక గంటసేపు కూర్చోబెట్టుకునేవారు. ఏ వైరు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు కాదు. అన్నీ పీకేసి ముందు పోసి, “పెట్టు” అనేవారు. నాకు ఏదైనా దూరకపోతే బలంగా నొక్కేదాన్ని. “పట్టకపోతే నొక్కకు. తిప్పి చూడు” అనేవారు. ఇంకో మాట రోజుకి రెండుసార్లయినా అనేవారు. “ఎంత చిక్కుపడ్డా వైరుకి రెండు కొసలే ఉంటాయమ్మాయ్. ఒకటి పట్టుకుని వెళ్తే రెండోది అదే దొరుకుతుంది.”

ఆ మాట నాకు ఉద్యోగం ఇప్పించింది.

ఊళ్లో ఒక ఆసుపత్రిలో రికార్డుల గదికి మనిషి కావాలన్నారు. కంప్యూటరు తెలిసుండాలి. మా ఆయన “నీకెందుకులే” అన్నారు. మావయ్యగారు మాత్రం దరఖాస్తు తనే తెచ్చి నా చేత నింపించారు. పరీక్షకి ఎనిమిది మందిమి వెళ్లాం. రోగి వివరాలు ఒక పేజీ కొట్టి, ప్రింటు తీసి చూపించాలి. నాకంటే ముందు ముగ్గురు కొట్టగలిగేరు గానీ కాగితం రాలేదు. వాళ్లు ప్రింటరు వైపు చూస్తూ కూర్చున్నారు. పరీక్ష పెట్టే ఆవిడ టెక్నీషియన్‌కి ఫోన్ చేసింది, అతను ఇంకా దారిలో ఉన్నాడట. నా వంతు వచ్చింది. కొట్టేను. ప్రింటు నొక్కేను. రాలేదు.

ప్రింటరు మీద దీపం వెలుగుతోంది, అంటే కరెంటు ఉంది. కాగితం ఉంది. ఇక మిగిలింది వైరు. ఒక కొస ప్రింటరు వెనక గట్టిగానే ఉంది. రెండోది ఏదీ అని పట్టుకుని వెళ్తూ వెళ్తూ బల్ల కిందకి దూరేను. ఆవిడ ఫోన్ పెట్టేసి వచ్చి చూస్తే కుర్చీ ఖాళీ.

“ఈ అమ్మాయి ఏదీ? ఎటు వెళ్లింది?”

“బల్ల కింద ఉన్నానండి.”

పెట్టె వెనక కొస సగం ఊడి వేలాడుతోంది. నొక్కేను, పట్టలేదు. తిప్పి పెట్టేను. నేను చీర దుమ్ము దులుపుకుంటూ పైకి వచ్చేసరికి ప్రింటరు నాదొక్కటే కాదు, నా ముందు ముగ్గురివీ కలిపి నాలుగు కాగితాలు బయటికి పెట్టింది. ఆవిడ నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంటికొచ్చి ఇది చెప్తే మావయ్యగారు ఆ మాటే పదిసార్లు చెప్పించుకున్నారు. ఇంటికి ఎవరొచ్చినా “మా కోడలికి ఉద్యోగం బల్ల కింద దొరికింది” అనేవారు.

నన్ను చూసి ఇరుగమ్మా పొరుగమ్మా రావడం మొదలైంది. అరుగు చాల్లేదు. మా వీధి చివర చర్చి అయ్యగారి భార్య వచ్చి, ఆదివారం ఆరాధన అయిపోయాక హాలు ఖాళీగానే ఉంటుంది, వాడుకోండి అన్నారు. అలా ఆదివారం మధ్యాహ్నం మూడింటికి బడి మొదలైంది. ప్లాంటులో ఆయనతో పనిచేసినవాళ్లూ, చర్చివాళ్లూ ఇళ్లలో మూలపడేసిన కంప్యూటర్లు తెచ్చి ఇచ్చారు. చచ్చిపోయిన మూడింటిని విప్పి ఒకటి బతికించేవారు ఆయన. అలా ఏడు తయారయ్యాయి.

మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. హాలు మధ్యలో సుద్దముక్కతో పొడుగ్గా గీత గీసేవారు. ఒక బల్ల మీద సామానంతా గుట్టగా పోసేవారు. కీబోర్డు, మౌసు, మైకు, కెమెరా, స్కానరు, తెర, స్పీకర్లు, ప్రింటరు. “మనం కంప్యూటరుకి చెప్పడానికి వాడేవి గీతకి ఈ పక్క పెట్టండి. అది మనకి చెప్పడానికి వాడేవి ఆ పక్క పెట్టండి.” అంతే పాఠం. స్కానరు దగ్గర కొట్టుకునేవారు. ప్రింటరులాగే ఉంటుంది, ఆ పక్క పెట్టాలని సగం మంది. “అది కాగితాన్ని చూసి లోపలికి చెబుతుంది. అంటే దాని కన్ను” అని ఈ పక్కకి తెచ్చేవారు. హెడ్‌సెట్టు చేతికొచ్చినవాళ్లు తికమకపడేవారు. ఒకావిడ చివరికి గీత మీద అడ్డంగా పెట్టింది. చెవి దగ్గరి ముక్క ఆ పక్కకి, నోటి దగ్గరి ముక్క ఈ పక్కకి. మావయ్యగారు చప్పట్లు కొట్టేరు.

నూకరత్నం వచ్చింది అలాంటి ఒక ఆదివారమే. మా వీధుల్లో చేపలమ్ముతుంది. తట్ట గుమ్మం దగ్గర దించి, కొంగు బొడ్లో దోపుకుని, చూస్తూ నిలబడింది. చాలాసేపు చూసి లోపలికి వచ్చేసింది.

“మేస్టారూ, నాకో మాట సెప్పండి. మరి నా ఫోను ఏ పక్క ఎడతారు? నాను దాన్ని నొక్కుతాను. అదీ నాకే సూపిస్తాది.”

ఆమె బొడ్లోంచి తీసిన టచ్ ఫోను చేతిలో పట్టుకుని ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. తరవాత వంగి ఫోనుని సరిగ్గా గీత మీద పెట్టేరు.

“నీ పేరేంటమ్మా?”

“నూకరత్నం.”

“వచ్చే ఆదివారం నుంచి వచ్చెయ్యి.”

“నానా? ఐదో తరగతి సదివినాను. నాకేటి వస్తాది?”

“ఈ ప్రశ్న ప్లాంటులో ఇంజనీర్లు కూడా అడగలేదు నన్ను.”

ఆమె వచ్చింది. మొదట్లో కీబోర్డు మీద చేపలు తడిమినట్టే తడిమేది, గట్టిగా, తిప్పితిప్పి. ఎందుకు నేర్చుకుంటున్నావని ఒకసారి నేను అడిగేను. “నా సేతిరాత సూస్తే నాకే సిగ్గేత్తాదమ్మా. గేలం కోసుకుపోయి ఏలు వంకరైపోనాది. దీని మీదయితే కలెక్టరు రాతా నా రాతా ఒక్కలాగే ఉంటాది గదా” అంది. ఆ మాట మావయ్యగారికి చెప్తే, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

ఒక అలవాటు చెప్పాలి ఆయనది. నేర్చుకునేవాళ్లు ఎంత తంటాలు పడ్డా వాళ్ల చేతిలోంచి మౌసు తీసుకునేవారు కాదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడేవారు. “మీరు చేసేస్తే అయిపోతుంది కదండీ” అని నేను విసుక్కుంటే, “నేను చేస్తే నాకు వస్తుంది. నాకు ముందే వచ్చు కదా” అనేవారు.

ఆ తరవాత ఆ పెద్ద తుఫాను వచ్చింది. మా ఊళ్లో ఆ తుఫాను ఏదని ఎవరూ అడగరు. చర్చి హాలు పైరేకులు లేచిపోయాయి. తెల్లారి గాలి తగ్గాక మేం వెళ్లేసరికి ఏడు కంప్యూటర్లూ నీళ్లలో నానుతున్నాయి. కీబోర్డు ఎత్తితే చెంబులోంచి వొంపినట్టు నీళ్లు కారేయి. అయ్యగారి భార్య గుమ్మంలో కూలబడి ఏడ్చేశారు. నాకూ ఏడుపొచ్చింది. మావయ్యగారు నడుం మీద చేతులు పెట్టుకుని ఒక్క నిమిషం చూసి, “కరెంటు ఎన్నాళ్లు రాదట?” అని అడిగేరు.

“పదిరోజులు పట్టొచ్చంటన్నారండి.”

“మంచిదే. తడిసిన యంత్రం తడిసినందువల్ల చావదు. తడిగా ఉండగా కరెంటు పెట్టేస్తాం చూడు, అందువల్ల చస్తుంది. ఇప్పుడు మనం పెడదామన్నా లేదు. పదండి, మోసుకుపోదాం.”

ఆటోవాళ్లు రోడ్డు మీద పడిన చెట్లు తప్పించుకుంటూ అన్నీ మా ఇంటికి చేర్చేరు. అన్నింటినీ విప్పేశాం. పలకల మీద చిన్న బిళ్ల బ్యాటరీలు కూడా తీయించారు. గాలిలో సముద్రపు ఉప్పు ఉంది, అది ఉంటే లోపల తుప్పు పడుతుంది, కడగాల్సిందే అన్నారు. కంప్యూటరుని కడగడమేమిటని అందరం నోళ్లు తెరుచుకుని చూశాం. బోరింగు నీళ్లతో ఒకసారి, ఇన్వర్టరు బ్యాటరీల్లో పోసే నీళ్లతో ఇంకోసారి, మెత్తటి బ్రష్షు పెట్టి పసిపిల్లలకి స్నానం చేయించినట్టు కడిగేం. హార్డ్ డిస్కులు మాత్రం కడగనివ్వలేదు. పైన తుడిచి, ఆరబెట్టించేరు అంతే.

మేడ మీద పాత చీరలు పరిచి పలకలన్నీ ఎండలో పెట్టేం. తుఫాను వెళ్లిపోయాక ఎండ బాగానే కాసింది. కాకులు రాకుండా అత్తయ్యగారు కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నారు. “వడియాలకి కాపలా కాసేను, అప్పడాలకి కాసేను. ఈ ఏడాది మీ పెట్టెల పేగులకి కాస్తున్నాను” అన్నారు మావయ్యగారితో. “వేగించకు, అంతే చాలు” అన్నారాయన.

కీబోర్డుల మీటలన్నీ ఊడదీసి చిల్లుల గిన్నెలో వేసి కడిగింది నూకరత్నం. చేపలు కడిగినంత జోరుగా కడిగింది. తిరిగి పెట్టేటప్పుడు ఏది ఎక్కడిదో ఎవరికీ గుర్తులేదు. మంచి కీబోర్డు ఫొటో ఫోనులో ఉంటే, మిగిలిన కాస్త ఛార్జింగు అయిపోయేలోగా అది చూసి పెట్టేం. ఒకదానిలో ఎం ఉండాల్సిన చోట ఎన్, ఎన్ ఉండాల్సిన చోట ఎం పడిపోయాయి. వారం తరవాత గానీ తెలియలేదు. మార్చబోతే మావయ్యగారు వద్దన్నారు. “ఉండనీ. చూడకుండా కొట్టడం నేర్చుకోవాలంటే ఆ కీబోర్డే మంచిది.” ఇప్పటికీ అది అలాగే ఉంది.

కరెంటు వచ్చిన రెండు రోజుల తరవాత గానీ ఆయన ప్లగ్గు పెట్టనివ్వలేదు. హాలుకి టార్పాలిన్ కప్పేరు, పెట్టెలు మళ్లీ అక్కడికి చేర్చేం. మొదటి పెట్టెకి అన్నీ తగిలించి, అందర్నీ మాట్లాడొద్దన్నారు. “బాగుంటే ఒక్కసారి కూత కూస్తుంది. ఎక్కువసార్లు కూసిందంటే ఎక్కడో నొప్పి అని.” బటను నొక్కేరు. ఫ్యాను తిరిగింది.

ఒక్క కూత.

హాలంతా గోలెత్తిపోయింది. అయ్యగారి భార్య “స్తోత్రం” అన్నారు, నూకరత్నం “పైడితల్లీ” అంది, ఇద్దరూ ఒకళ్లనొకళ్లు పట్టుకున్నారు. ఏడింటిలో అయిదు బతికేయి. మావయ్యగారు ఆ సాయంత్రం ఇంటికి వస్తూ వీధిలో ఈల వేసుకుంటూ నడిచేరు. ఆయనకి ఈల వెయ్యడం వచ్చని అత్తయ్యగారికే తెలీదట.

ఇన్ని నవ్వులు రాస్తున్నాను గానీ, ఒక కష్టకాలం కూడా ఉంది. మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఆయన పాఠం కాగితం కొట్టి నన్ను ప్రింటు తియ్యమన్నారు. చూస్తే ఒక్క మాట కూడా అర్థమవ్వలేదు. పేజీ అంతా పిచ్చి అక్షరాలు. తెర పాడైందేమో, ఫాంటు పోయిందేమో అనుకున్నాను. తరవాత కాసేపు చూస్తే తెలిసింది. ఆపాటికి ఆయన కీబోర్డు చూడకుండానే కొట్టేవారు, చేతులు రెండూ ఒక మీట పక్కకి జరిగిపోయాయి. ప్రతి అక్షరం బదులు దాని పక్కది పడింది. ఆయన పేజీ మొత్తం అలాగే కొట్టేరు. తెర చూసి ఉంటే మొదటి మాట దగ్గరే ఆగేవారు.

“మావయ్యగారండీ, మీకు కనబడతందా?”

ఆయన కీబోర్డు ముందుకి తోసేశారు. “అంచుల్లో ఎప్పుడో పోయిందమ్మాయ్. ఇప్పుడు మధ్యలో కూడా పొగలా ఉంది. మీ అత్తయ్యకి చెప్పకు.”

కంటి నరం దెబ్బతిందన్నారు డాక్టర్లు. ఉన్నది కాపాడతాం, పోయింది తేలేం అన్నారు. ఆయన బడికి రావడం మానేశారు. నేనే వెళ్లి పాఠం చెప్పి వచ్చేదాన్ని. ఇంటికొచ్చి ఎవరెవరు వచ్చారో, ఏం చెప్పానో చెప్పబోతే, “సరేలే, బాగుంది” అని పక్కకి తిరిగి పడుకునేవారు. రెండు నెలలు అలాగే గడిచాయి. మా ఇంట్లో ఆయన నవ్వు వినబడని రెండు నెలలు అవే.

మా ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే అతనికి పుట్టినప్పట్నుంచీ చూపు లేదు. కంప్యూటరు మీద నాకంటే జోరుగా కొడతాడు. ఒకరోజు భోజనాల వేళ అతని పక్కన కూర్చుని, ఎలాగో నేర్పమన్నాను. వారం రోజులు నేర్పేడు. ఆ ఆదివారం మధ్యాహ్నం మావయ్యగారిని మంచం మీంచి లేపి, కుర్చీలో కూర్చోబెట్టి, చూపుడువేళ్లు రెండూ పట్టుకుని కీబోర్డు మీద పెట్టేను.

“ఏటి తగుల్తందండీ?”

ఆయన వేళ్లు కదిపేరు. “చిన్న గీత. ఉబ్బుగా.”

“రెండో ఏలు కింద?”

“దీని కిందా ఉంది.”

“అది ఎఫ్పు, ఇది జె. ప్రతి కీబోర్డుకీ ఉంటాయంట. ఏళ్లు అక్కడ ఎట్టుకుంటే మిగతావన్నీ ఎక్కడున్నాయో తెలిసిపోతాదంట.”

ఆయన ఆ గీతల మీద వేళ్లు అలాగే ఉంచేరు. “ఎన్ని కీబోర్డులు విప్పేనమ్మాయ్! ఎన్ని కడిగేను! ఇది ఎందుకుందో నేనెప్పుడూ అడగలేదే!”

తరవాత హెడ్‌సెట్టు చెవులకి పెట్టేను. తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం పెట్టేను. ఒక ఆడగొంతు తెలుగుని ముక్కలు ముక్కలుగా చదవడం మొదలుపెట్టింది. ఒత్తులన్నీ మింగేస్తోంది. ఆయన మొహం చిట్లించి విన్నారు.

“ఈవిడది ఏ జిల్లా?”

నేను నవ్వేను. ఆయనా నవ్వేరు. అత్తయ్యగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. ఆ సాయంత్రం అంతా ఆ గొంతుతో దెబ్బలాడుతూనే ఉన్నారు. “అలాక్కాదు తల్లీ, మళ్లీ అను.” రాత్రి భోజనం దగ్గర చెయ్యి కడుక్కుంటూ, “వచ్చే ఆదివారం నేనూ వస్తాను” అన్నారు.

వచ్చేరు. అప్పట్నుంచీ పాఠాలు ఇంకా బాగా చెప్పేరంటే నమ్మండి. పెట్టెలో చెయ్యిపెట్టి తడిమి, ర్యామ్ పట్టీ తీసి, మళ్లీ అదే చోట నొక్కి, టిక్కుమన్న చప్పుడు విని తల ఊపేవారు. “మీకు కళ్లున్నాయి కాబట్టి కంగారు. వేళ్లని నమ్మండి” అనేవారు కొత్తవాళ్లతో. ఎవరి ప్రింటరు ఏ చప్పుడు చేస్తే కాగితం ఎక్కడ ఇరుక్కుందో హాలు ఈ చివర్నుంచి చెప్పేవారు.

పోయిన రోజున నూకరత్నం ఆయన కాళ్ల దగ్గర కూర్చుని లేవలేదు. పదకొండో రోజు అయ్యగారు, ఆయన భార్య వచ్చి, బడి సంగతి ఏమిటని ఎలా అడగాలో తెలియక అటూ ఇటూ మాట్లాడుతుంటే, అత్తయ్యగారే అన్నారు, “ఆదివారం మా కోడలు వస్తుంది. తాళం తీసి ఉంచండి.” వెళ్లేను. సబ్బవరం నుంచి కొత్తగా ఇద్దరు వచ్చారు. సుద్దముక్కతో గీత గీసేను. నా గీత కాస్త వంకరగా వచ్చింది.

నాకు ఆయన ఎప్పుడు గుర్తొచ్చినా ఆయన వచ్చిన చివరి ఆదివారమే గుర్తొస్తుంది. ఆ రోజు నూకరత్నం ఒక్కతే వెనక బల్ల దగ్గర రెండు గంటలు కూర్చుంది. ఎవర్నీ పిలవలేదు. చివర్లో ప్రింటు నొక్కి, లేజర్ ప్రింటరు కాగితం బయట పెట్టగానే లాక్కుని, నేరుగా ఆయన దగ్గరికి వెళ్లి చేతిలో పెట్టింది.

“ఏంటమ్మా ఇది?”

“సీటీ. మీకే.”

“చదువు మరి.”

నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమెకి కాగితం అక్కర్లేకపోయింది. ఆయన చేతిలోనే ఉంచి, ఎదురుగా నిలబడి, బళ్లో పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది.

“మేస్టారికి నూకరత్నం రాయునది. వచ్చే ఆదివారం మంచి సందువా సేపలు తెస్తాను. అమ్మగారితో సెప్పి మసాలా నూరించి ఉంచండి. ఈ సీటీ నాను ఎవుల్నీ అడక్కుండా రాసినాను.”

హాల్లో అందరూ నవ్వేరు. ఆయన నవ్వలేదు. కాగితం మీద వేళ్లు ఒకసారి పై నుంచి కిందికి తిప్పేరు. అక్షరాలు వేళ్లకి తగలవు కదా. కానీ అప్పుడే ప్రింటరులోంచి వచ్చిన కాగితం వేడిగా ఉంటుంది. ఆయన దాన్ని ఎత్తి చెంపకి ఆనించుకున్నారు.

“ఇంకా వేడిగా ఉంది అమ్మాయ్” అన్నారు, నాతోనో, నూకరత్నంతోనో.

కిటికీలోంచి సాయంత్రం ఎండ పడుతోంది. కుర్చీలో కొద్దిగా వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, ఆ కాగితం చల్లారిపోయేదాకా ఆయన అలాగే కూర్చున్నారు.